తుపాకి మందు: ఒకే నంబరు, రెండు డబ్బాలు

తెలుగులో ‘మందు’ చిన్న మాటే, కానీ చాలా పనులు చేస్తుంది. జ్వరం వస్తే వేసుకునేది మందు. చేలో పురుగు పడితే కొట్టేది మందు. శనివారం రాత్రి కొంతమంది పుచ్చుకునేది కూడా మందే. దీపావళి టపాకాయలో ఉండేది మందు. తుపాకిలో దట్టించేదీ మందే. దట్టించడం అంటే గట్టిగా కూరడం. పాత తుపాకుల్లో గొట్టం మూతిలోంచి మందు పోసి, కర్రతో కూరి, ఆ పైన గుండు వేసేవారు. అందుకే తుపాకి మందునీ గుండునీ కలిపి ‘మందుగుండు’ అన్నారు. ఇక ‘తుపాకి’ తురుష్కుల భాష నుంచి మనకి వచ్చిన మాట.

ఈ మాటలన్నీ నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. నా చదువంతా ఇంగ్లిష్ మీడియం. ఇంట్లో తెలుగు విన్నాను, మాట్లాడాను. చదవడం, రాయడం మాత్రం ఇక్కడ డెలావేర్‌లో, యాభై దాటాక, సొంతంగా నేర్చుకున్నాను. ఇప్పుడు రిటైర్ అయ్యాను. ఆదివారాలు గుడి వంటింట్లో సాయం చేస్తాను. అక్కడ నాతో పాటు ఉప్మా రవ్వ వేయించే ఒక అబ్బాయి ఉన్నాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు. భార్య తరఫు మామగారితో కలిసి ప్రతి నవంబరులో పెన్సిల్వేనియా వెళ్లి జింకల వేట చేస్తాడు. తూటాలు కొనుక్కోడు, తనే తయారు చేసుకుంటాడు. ఖాళీ ఇత్తడి గొట్టంలో కొత్త ప్రైమరు, మందు, గుండు పెట్టి మళ్ళీ తూటా చేయడాన్ని ఇక్కడ హ్యాండ్‌లోడింగ్ అంటారు.

అతను ఒకరోజు అడిగాడు: “అంకుల్, షాపులో 4831 అని రెండు డబ్బాలు ఉన్నాయి. ఒకదాని మీద హెచ్ 4831, ఇంకోదాని మీద ఐఎమ్ఆర్ 4831. నంబరు ఒకటే కదా, ఏది కొన్నా ఒకటేనా?”

ఒకటి కాదు. ఒకదాని కొలత చూసి ఇంకోదాన్ని పోస్తే తుపాకి పాడవచ్చు, చేతులు, కళ్ళు పోవచ్చు. ఒకే నంబరుతో రెండు మందులు ఎలా వచ్చాయో చెప్పాలంటే చరిత్రలోకి వెళ్ళాలి. ఆ చరిత్ర సగం మన దేశంలో ఉంది, సగం మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక ఏటి ఒడ్డున ఉంది. నేను వేటగాణ్ణి కాను. కెమిస్ట్రీ చదువుకున్నవాణ్ణి. అందుకే ఈ కథ నాకు ఇష్టం.

లక్ష్మీ బాంబు, చిచ్చుబుడ్డి

మొదట ఒక విషయం. మందు ఎంచుకోవడం అంటే బలం ఎంచుకోవడం అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎంచుకునేది వేగం. ఎంత త్వరగా కాలుతుంది అన్నదే ప్రశ్న.

దీపావళి గుర్తు తెచ్చుకోండి. లక్ష్మీ బాంబులో మందు ఒక్క క్షణంలో కాలిపోతుంది, ఢాం అంటుంది. చిచ్చుబుడ్డిలో మందు నిదానంగా కాలుతుంది, పువ్వులు పూస్తుంది. రెండింటిలోనూ మందే. తేడా వేగంలో ఉంది.

రైఫిల్‌లో ఏం జరుగుతుంది? సూది ప్రైమరుని కొడుతుంది. ప్రైమరు నిప్పు మందుకి అంటుకుంటుంది. మందు కాలి వాయువు అవుతుంది. ఆ వాయువు ఒత్తిడి గుండుని గొట్టంలోంచి బయటికి తోస్తుంది. మందు మరీ త్వరగా కాలితే, గుండు కదలకముందే ఒత్తిడి పెరిగిపోతుంది. ఆ ఒత్తిడిని ఇనుము కూడా ఓర్చుకోలేదు. మందు మరీ నిదానంగా కాలితే, గుండు బయటికి వెళ్లిపోయినా మందు ఇంకా కాలుతూనే ఉంటుంది. అప్పుడు మంట ఎక్కువ, వేగం తక్కువ.

కాబట్టి చిన్న గొట్టానికి, తేలిక గుండుకి త్వరగా కాలే మందు కావాలి. పెద్ద ఇత్తడి గొట్టానికి, బరువైన గుండుకి నిదానంగా కాలే మందు కావాలి. గుండు వెళ్తూ ఉంటే వెనకనుంచి తోస్తూనే ఉండాలి. ఊయల ఊపినట్టు అనుకోండి. ఒక్కసారి కొట్టకూడదు, కదులుతున్న కొద్దీ తోయాలి.

పాత రోజుల్లో ఈ వేగాన్ని ఎలా మార్చేవారు? జల్లెడతో. నల్ల మందుని గింజలుగా చేసి జల్లెడ పట్టేవారు. సన్న గింజ త్వరగా కాలుతుంది, లావు గింజ నిదానంగా కాలుతుంది. బొంబాయి రవ్వ త్వరగా ఉడుకుతుంది, గోధుమ నూక ఆలస్యంగా ఉడుకుతుంది. అదే లెక్క. పిస్తోలుకి సన్న రవ్వ, రైఫిల్‌కి కొంచెం లావు, ఫిరంగికి ఇంకా లావు.

సురేకారం వెళ్ళిన దారి

నల్ల మందులో మూడు వస్తువులు ఉంటాయి: బొగ్గు, గంధకం, సురేకారం. సురేకారానికి ఇంకో తెలుగు పేరు పెట్లుప్పు. మూడింటిలో ఎక్కువ భాగం ఇదే. బొగ్గు ఎక్కడైనా దొరుకుతుంది. సురేకారం మాత్రం అన్ని చోట్లా దొరకదు. పశువులు ఉండి, వానల తరువాత బాగా ఎండ కాసే చోట మట్టి మీద తెల్లగా పూస్తుంది. ఆ మట్టిని నీళ్ళలో కలిపి, వడగట్టి, కాచి, చల్లార్చి తీస్తారు. ఈ పని చాలా కష్టం, కూలీ తక్కువ.

17వ శతాబ్దంలో యూరప్ కంపెనీలు మన తీరానికి మిరియాలకి, బట్టలకి వచ్చాయని పుస్తకాల్లో చదువుకున్నాం. వాళ్ళు సురేకారం కూడా కొన్నారు. ఇంగ్లిష్ వాళ్ళు 1611లో మచిలీపట్నంలో వ్యాపారం మొదలుపెట్టారు. డచ్చి వాళ్ళు పులికాట్ కోట దగ్గర తుపాకి మందు తయారు చేసి, తూర్పు దీవుల్లో ఉన్న తమ కోటలకి పంపేవారు. తర్వాత బీహార్, బెంగాల్ సురేకారం అందరికంటే ముందుకి వచ్చింది. అది మంచి రకం, ఓడలో అడుగున బరువు కోసం వేయడానికి కూడా బాగుంటుంది.

1750ల్లో ఇంగ్లిష్, ఫ్రెంచ్ వాళ్ళు మన నేల మీద యుద్ధం చేశారు. ఉత్తర సర్కార్లు కొన్నేళ్ళు ఫ్రెంచ్ సేనాని బుస్సీ చేతిలో ఉన్నాయి. 1757లో ఇంగ్లిష్ వాళ్ళు బెంగాల్‌లో ఫ్రెంచ్ వాళ్ళ చందర్‌నగర్ పట్టుకున్నారు. 1759లో మచిలీపట్నం కోట కూడా పట్టుకున్నారు. మన పాఠాల్లో ఇది నవాబుల కథగా, బొబ్బిలి కథగా వస్తుంది. ఫ్రాన్సులో మాత్రం దీనికి ఇంకో ఫలితం ఉంది. వాళ్ళకి హిందూదేశపు సురేకారం అందడం కష్టమైంది. తుపాకులు ఉన్నాయి, మందు సరిపోదు.

అందుకే 1775లో ఫ్రెంచ్ ప్రభుత్వం మందు తయారీని చక్కబెట్టడానికి ఒక గొప్ప శాస్త్రవేత్తని పెట్టుకుంది. ఆయన పేరు లావోయిజియే. ఆక్సిజన్‌కి పేరు పెట్టినాయన, కెమిస్ట్రీకి తండ్రి అంటారు. ఆయన సురేకారం శుభ్రం చేసే పద్ధతిని బాగు చేశాడు. ఆయన దగ్గర, ఎసోన్ అనే ఊళ్ళో ఉన్న మందు కార్ఖానాలో, ఒక కుర్రాడు పని నేర్చుకున్నాడు. ఆ కుర్రాడి పేరు ఎల్యూథేర్ ఇరెనే డ్యూపాంట్.

బ్రాండీవైన్ ఒడ్డున

ఫ్రెంచ్ విప్లవంలో లావోయిజియే తల పోయింది. అది 1794. డ్యూపాంట్ కుటుంబం ఓడెక్కి 1800 జనవరి 1న అమెరికా చేరింది. తర్వాత జరిగిన ఒక సంగతి ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. ఇరెనే డ్యూపాంట్ ఒక స్నేహితుడితో వేటకి వెళ్ళాడట. అక్కడ కొన్న అమెరికన్ మందు ఖరీదు ఎక్కువ, నాణ్యం తక్కువ. ఇంతకంటే మంచి మందు నేను చేయగలను అనుకున్నాడట. అంటే ఒకప్పుడు మా రాష్ట్రంలో అన్నిటికంటే పెద్దదిగా ఉన్న కంపెనీ ఒక వేటగాడికి మందు నచ్చకపోవడంతో మొదలైంది.

1802లో ఆయన విల్మింగ్టన్ దగ్గర బ్రాండీవైన్ ఏటి ఒడ్డున స్థలం కొన్నాడు. 1804లో మొదటి మందు అమ్మాడు. ఆ స్థలం ఇప్పుడు హ్యాగ్లీ మ్యూజియం. ఇండియా నుంచి చుట్టాలు వస్తే నేను తప్పకుండా తీసుకువెళ్తాను. డెలావేర్ వచ్చేవాళ్ళు మీరూ చూడండి.

అక్కడ చూడవలసింది గోడలు. ఒక్కో మిల్లుకి మూడు వైపులా చాలా మందమైన రాతి గోడలు ఉంటాయి. నాలుగో వైపు, ఏటి వైపు, గోడ ఉండదు, తేలికైన చెక్క మాత్రమే. పైకప్పు కూడా తేలికే. ఎందుకు? లోపల మందు పేలితే ఆ పేలుడు పక్క మిల్లు మీదికి పోకుండా ఏటి మీదికి పోవాలి. అంటే కట్టినవాళ్ళకి ఇది ఎప్పుడో ఒకప్పుడు పేలుతుందని ముందే తెలుసు. ఇల్లు కట్టేటప్పుడే ప్రమాదానికి ద్వారం పెట్టారు.

పేలింది కూడా. 1818లో జరిగిన పేలుడులో 30 మందికి పైగా చనిపోయారు. 1921లో మిల్లులు మూసేదాకా మొత్తం రెండు వందల మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఐర్లండ్ నుంచి వచ్చిన కూలీలు. అక్కడి పనివాళ్ళు ‘చచ్చిపోయాడు’ అనేవారు కాదు. ‘ఏరు దాటాడు’ అనేవారు. మనం ‘కాలం చేశారు’ అన్నట్టు. ఈ మాట విన్నాక ఆ అందమైన ఏరు నాకు వేరేలా కనిపిస్తుంది.

ఆ మిల్లుల్లో వాడిన సురేకారం ఎక్కడిది? చాలా భాగం కలకత్తా నుంచి ఓడల్లో వచ్చింది. బీహార్‌లో ఎవరో మట్టి గోకి తీసిన ఉప్పు, ఇక్కడ ఐరిష్ కూలీ చేతిలో మందు అయ్యి, పెన్సిల్వేనియా అడవిలో వేటగాడి తుపాకిలో కాలింది. ఈ ముగ్గురూ ఒకరినొకరు ఎప్పుడూ చూడలేదు.

1861: ఉప్పు కోసం లండన్‌కి

1857లో లామోట్ డ్యూపాంట్ అనే మనవడు దక్షిణ అమెరికాలో దొరికే ఇంకో రకం ఉప్పుతో గనుల్లో వాడే మందు తయారు చేసి పేటెంటు తీసుకున్నాడు. అది చవక. కానీ ఆ ఉప్పు గాలిలో తేమ పీల్చుకుంటుంది. బండలు పగలగొట్టడానికి బాగుంటుంది, తుపాకికి పనికిరాదు. తుపాకికి ఇంకా హిందూదేశపు సురేకారమే కావాలి.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. ఉత్తరాది ప్రభుత్వం దగ్గర సురేకారం తక్కువగా ఉంది. లామోట్‌ని రహస్యంగా ఇంగ్లండ్ పంపారు. ఆయన అక్కడ దొరికినంత సురేకారం కొన్నాడు. ఇండియా నుంచి ఇంకా దారిలో ఉన్న సరుకు కూడా కొన్నాడు. సరిగ్గా అప్పుడే, నవంబరులో, అమెరికన్ నౌక ఒకటి ‘ట్రెంట్’ అనే బ్రిటిష్ ఓడని ఆపి, అందులో ఉన్న ఇద్దరు దక్షిణాది రాయబారుల్ని పట్టుకుంది. బ్రిటన్‌కి కోపం వచ్చింది. సురేకారం ఎగుమతి ఆపేసింది. ఆ ఇద్దరినీ విడిచిపెట్టాక, 1862 జనవరిలో, ఆంక్ష తీసేశారు. ఓడలు బయలుదేరాయి.

బానిసత్వం పోవడానికి దారి తీసిన యుద్ధంలో ఉత్తరాది సైన్యం కాల్చిన మందులో మన దేశపు మట్టి ఉంది. ఆ మట్టి తవ్వినవాళ్ళు వేరే దొరతనం కింద ఉన్నారు. ఇది ఇక్కడి స్కూల్లో చెప్పరు, అక్కడి స్కూల్లోనూ చెప్పరు. నేను రెండు చోట్లా వినలేదు.

ఆ రోజుల్లోనే ఇంకో ముఖ్యమైన పని జరిగింది. సైన్యంలో థామస్ రాడ్‌మన్ అనే ఆఫీసరు పెద్ద ఫిరంగులు తయారు చేస్తున్నాడు. మామూలు మందు వేస్తే అవి పగిలిపోతున్నాయి. ఆయన ఆలోచన ఇది. గింజ బయటినుంచి కాలుతుంది కాబట్టి కాలిన కొద్దీ చిన్నదవుతుంది, వాయువు తగ్గుతుంది. మొదట్లో ఎక్కువ, చివర్లో తక్కువ. మనకి కావలసింది దీనికి తలకిందులు. మరి గింజకి మధ్యలో చిల్లు పెడితే? బయట తగ్గుతూ ఉంటే లోపల చిల్లు పెద్దదవుతూ ఉంటుంది. గారెకి చిల్లు ఎందుకు పెడతాం? లోపల కూడా నూనె తగలాలని. ఇక్కడ లోపల కూడా నిప్పు తగలాలని. లామోట్ డ్యూపాంట్ సాయంతో పెద్ద ఫిరంగుల కోసం చాలా లావు గింజల మందు కూడా తయారైంది. దానికి మామత్ అని పేరు పెట్టారు. ఏనుగుకి తాతలాంటి పాత జంతువు పేరు అది.

ఈ చిల్లు సంగతి గుర్తుపెట్టుకోండి. 4831 డబ్బా తెరిచి ఒక గింజని భూతద్దంలో చూస్తే, సన్న కడ్డీ ముక్కలా ఉంటుంది, మధ్యలో చిన్న చిల్లు కనిపిస్తుంది.

పత్తి నుంచి పొగలేని మందు

నల్ల మందుతో పెద్ద బాధ పొగ. ఒక్కసారి కాల్చగానే తెల్లటి మేఘం. జింక కనపడదు, శత్రువుకి మాత్రం మీరు కనపడతారు. గొట్టం నిండా మసి కూడా పడుతుంది.

1846లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త పత్తిని ఆమ్లాలతో కలిపి కొత్త పదార్థం చేశాడు. పొగ దాదాపు లేదు, బలం చాలా ఎక్కువ. కానీ మరీ త్వరగా కాలింది. లక్ష్మీ బాంబు అన్నమాట, చిచ్చుబుడ్డి కాదు. కార్ఖానాలు పేలాయి, తుపాకులు పగిలాయి. దాన్ని నిదానం చేయడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. 1884లో పాల్ వియే అనే ఫ్రెంచ్ ఇంజనీరు ఆ పత్తిని ద్రావకాలతో ముద్ద చేసి, రేకులుగా వత్తి, ముక్కలుగా కోసి, ఆరబెట్టాడు. అప్పడాల పిండి అనుకోండి. పీచులా ఉన్న పత్తి గట్టి ముక్క అయ్యింది. ఇక అది పైనుంచి లోపలికి, పొర తర్వాత పొర కాలింది. అదే మొదటి మంచి పొగలేని రైఫిల్ మందు. లామోట్ డ్యూపాంట్ అదే 1884లో న్యూజెర్సీలో నైట్రోగ్లిజరిన్ పేలి చనిపోయాడు.

సురేకారం రాజ్యం అలా ముగిసింది. 1890ల్లో డ్యూపాంట్ కంపెనీ నది అవతల, న్యూజెర్సీలోని కార్నీస్ పాయింట్‌లో పొగలేని మందు చేయడం మొదలుపెట్టింది. 1895లో విన్‌చెస్టర్ కంపెనీ .30-30 అనే వేట తూటా తెచ్చింది. పొగలేని మందు కోసమే తయారైన అమెరికన్ వేట తూటాల్లో అది మొదటిది. పెన్సిల్వేనియా అడవుల్లో ఇప్పటికీ తాతల కాలం నాటి ఆ రైఫిల్ కనిపిస్తుంది.

బ్రిటిష్ వాళ్ళు కార్డైట్ అనే తమ సొంత పొగలేని మందు 1889లో చేశారు. దాన్ని ఇండియాకి తెస్తే ఒక కొత్త సంగతి తెలిసింది. ఎండలో కార్డైట్ ఇంకా త్వరగా కాలుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. లండన్ చలిలో బాగా పనిచేసిన తూటా, మన మే నెల ఎండలో తుపాకి బోల్టుని పట్టేసేది. ఖాళీ గొట్టం బయటికి రాదు, ఎదురుగా పులి. అందుకని ఉష్ణదేశాలకి వేరే, తక్కువ మందు తూటాలు చేశారు. 1911లో వచ్చిన .416 రిగ్‌బీ తూటా గొట్టం అంత పెద్దగా ఉండటానికి ఒక కారణం ఇదే. చోటు ఎక్కువైతే ఒత్తిడి తక్కువ. అంటే మందు ఎంచుకునేటప్పుడు ఎండా వానా కూడా చూడాలి అనే పాఠం మన దేశపు ఎండ నేర్పింది.

యుద్ధం మిగిల్చిన డబ్బాలు

ఇప్పుడు మన నంబరు దగ్గరికి వచ్చాం.

డ్యూపాంట్ కంపెనీ తన సైనిక రైఫిల్ మందులకి నంబర్లు పెట్టింది. మెరుగైన సైనిక రైఫిల్ మందు అనే అర్థం వచ్చే మూడు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలే ఐఎమ్ఆర్. 3031, 4064, 4895, 4350, ఇలా. నంబరు పెద్దదైతే నిదానం అనుకోకండి. 4895 కంటే 4350 చాలా నిదానం. ఇవి కార్ఖానాలో పెట్టిన పేర్లు, వేగం కొలతలు కావు.

రెండో ప్రపంచ యుద్ధంలో 4895ని సైన్యం .30-06 తూటాల్లో వాడింది. 4831ని 20 మిల్లీమీటర్ల విమాన నిరోధక ఫిరంగి తూటాల్లో వాడింది. చాలా నిదానమైన మందు. యుద్ధం ముగిసింది. వాడని మందు కొండల్లా మిగిలిపోయింది. ప్రభుత్వం దాన్ని తగలబెట్టేది, లేదా చవకగా అమ్మేది.

కాన్సస్‌లో బ్రూస్ హాడ్జ్‌డన్ అనే గ్యాస్ కంపెనీ ఉద్యోగి ఉండేవాడు. తనకీ తూటాలు చేసుకునే అలవాటు ఉంది. ఆయన అప్పు చేసి ఆ మిగులు మందు కొన్నాడు. ఎక్కడ పెట్టాలి? ఒక పాత రైలు పెట్టె కొని, ఆవుల మేత పొలంలో పెట్టి, మందు అందులో దాచాడు. 1940ల చివర్లో పత్రికలో చిన్న ప్రకటన వేసి అమ్మడం మొదలుపెట్టాడు. ముందు 4895, తర్వాత 4831. మామూలు జనానికి తూటాలు సొంతంగా చేసుకోవడం అలవాటు కావడానికి ఈ చవక మందు ఒక పెద్ద కారణం. .270 విన్‌చెస్టర్ తూటాకి 4831 చాలా బాగా కుదిరింది. జాక్ ఓకానర్ అనే పేరున్న వేట రచయిత దాన్ని మెచ్చుకున్నాడు. దాంతో అందరూ కొన్నారు.

కొండ అయినా కరుగుతుంది కదా. మిగులు మందు అయిపోవచ్చింది. హాడ్జ్‌డన్ కంపెనీ అదే వేగంతో కొత్త మందు చేయించుకుంది, మొదట స్కాట్లండ్‌లో, తర్వాత ఆస్ట్రేలియాలో. దాని పేరు హెచ్ 4831. హెచ్ అంటే హాడ్జ్‌డన్. 1970ల్లో డ్యూపాంట్ కూడా తన సొంత 4831ని మామూలు జనానికి అమ్మడం మొదలుపెట్టింది. దాని పేరు ఐఎమ్ఆర్ 4831. నంబరు అదే, కానీ ఇది ఆ పాత మిగులు మందు కంటే త్వరగా కాలుతుంది.

ప్రమాదం ఎక్కడుందో చూడండి. హెచ్ 4831 నిదానం కాబట్టి పుస్తకంలో దాని కొలత ఎక్కువ ఉంటుంది. ఎవరైనా ఆ కొలత చూసి ఐఎమ్ఆర్ 4831 పోస్తే, త్వరగా కాలే మందు ఎక్కువ పోసినట్టు. 2003లో ఐఎమ్ఆర్ పేరుని కూడా హాడ్జ్‌డన్ కంపెనీయే కొనేసింది. ఇప్పుడు రెండు డబ్బాలూ ఒకే యజమానివి. అయినా లోపలి మందులు రెండూ వేరు.

మరి ఎలా ఎంచుకోవాలి?

ఆ అబ్బాయికి నేను చెప్పినదీ, అనుభవం ఉన్న వేటగాళ్ళు నాకు చెప్పినదీ ఇక్కడ రాస్తున్నాను. కొలతలు మాత్రం రాయను. అవి మందు తయారు చేసే కంపెనీల పుస్తకంలోంచే తీసుకోవాలి, కొత్త ముద్రణలోంచి. స్నేహితుడు చెప్పినదీ, పాత కాగితం మీద పెన్సిల్‌తో రాసినదీ వద్దు.

మొదట తూటా, గుండు బరువు చూడాలి. .30-30కి 3031 లాంటి మధ్యరకం వేగం కుదురుతుంది. .30-06కి తేలిక గుండు అయితే 4895, 4064, బరువు గుండు అయితే 4350, 4831. .270కి 4350, 4831. పుస్తకంలో ఒక్కో గుండుకి ఐదారు మందులు ఉంటాయి. అన్నీ పనికొస్తాయి. అన్నిటికంటే ఎక్కువ వేగం ఇచ్చేదే మంచిదని లేదు. జింకకి సెకనుకి యాభై అడుగుల తేడా తెలియదు. గుండు ప్రతిసారీ ఒకే చోట తగలడం ముఖ్యం. గురి తప్పితే జింక వెంటనే చావదు, బాధపడుతుంది. వేటలో అదే అసలు పాపం అని ఆ అబ్బాయి మామగారు అంటారట. నాకు ఆ మాట నచ్చింది.

రెండోది, గొట్టం ఎంత నిండుతుంది. దాదాపు నిండేలా ఉండే మందు మంచిది. నిప్పు ప్రతిసారీ ఒకేలా అంటుకుంటుంది. పొరపాటున రెండుసార్లు పోస్తే పొంగిపోతుంది, వెంటనే తెలుస్తుంది.

మూడోది, గింజ ఆకారం. కడ్డీ గింజలు కొలత యంత్రంలో ఇరుక్కుంటాయి. గుండ్రటి గింజలు ఆవాల్లా జారతాయి. ఈ గుండ్రటి మందుని 1933లో ఇల్లినాయ్‌లో ఫ్రెడ్ ఓల్సెన్ కనిపెట్టాడు. తూటాలు ఎక్కువ చేసేవాళ్ళకి అది సుఖం. పదో ఇరవయ్యో చేసుకునేవాళ్ళు కడ్డీ మందు త్రాసులో తూచుకోవచ్చు.

నాలుగోది, ఎండా చలీ. జూలైలో తూటా పరీక్ష చేసి నవంబరు చలిలో కాలుస్తారు. వేడికి చలికి పెద్దగా మారని మందులు ఇప్పుడు ఉన్నాయి. వేటకి అవి మేలు.

తూకం గురించి ఒక మాట. ఇక్కడ మందుని గ్రాముల్లో తూచరు, గ్రెయిన్లలో తూస్తారు. ఒక పౌండుకి 7000 గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు. మన కంసాలులు బంగారం తూచడానికి గురివింద గింజ వాడినట్టు, వీళ్ళు ఒకప్పుడు ధాన్యపు గింజ వాడారు. గ్రాముని గ్రెయిన్ అనుకుంటే పదిహేను రెట్లు తేడా వస్తుంది.

ఇక పద్ధతి. బల్ల మీద ఒక్క డబ్బాయే ఉండాలి. పని అయ్యాక మిగిలిన మందు అదే డబ్బాలోకి వెళ్ళాలి. ఇంకో సీసాలోకి మార్చకూడదు, రెండు మందులు కలపకూడదు. పుస్తకంలో చెప్పిన తక్కువ కొలతతో మొదలుపెట్టాలి. పాత డబ్బా తెరిస్తే పుల్లటి వాసన వచ్చినా, ఎర్రటి పొడి కనిపించినా వాడకూడదు. బ్రాండీవైన్ పనివాళ్ళు ఏటి వైపు గోడ కట్టకుండా వదిలారు. మన గరాజులో నాలుగు వైపులా గోడలే. అందుకే జాగ్రత్త మన చేతుల్లో ఉండాలి.

చివరికి, భాష నేర్చుకునేవాళ్ళకి ఇది కొత్త విషయం కాదు. ‘మందు’ రాసి, ‘మ’కి ఒక్క కొమ్ము పెట్టండి, ‘ముందు’ అవుతుంది. కొమ్ము చూడకుండా చదివితే అర్థం మారిపోతుంది. నంబరుకి ముందున్న హెచ్, ఐఎమ్ఆర్ అలాంటివే. ఆ అక్షరాల వెనక ఒక ఫిరంగి, ఒక రైలు పెట్టె, ఒక ఏరు, మన వైపు మట్టి ఉన్నాయి. డబ్బా మీద పేరు మొదటి అక్షరం నుంచి చివరి అంకె దాకా పూర్తిగా చదవండి. ఆ తర్వాతే మూత తీయండి.